తప్పు నాలుకదా, నీళ్లదా

మా పెద్దమ్మకు నోరు ఎక్కువని చుట్టాల్లో అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. ఆవిడకు ఎక్కువైంది నాలుక. ముప్పై ఐదేళ్లు ఆ నాలుకతోనే ఉద్యోగం చేసింది. నాలుకతో ఉద్యోగం అనగానే ఏ వకీలో, ఏ పంతులమ్మో అనుకునేరు. తోళ్ల ఫ్యాక్టరీలో తొట్టి నీళ్లు రుచి చూసి, వగరు చాలిందో లేదో చెప్పే ఉద్యోగం అది. విన్నవాళ్లు మొదట నవ్వుతారు, తరువాత మూతి ముడుచుకుంటారు. వాళ్లిష్టం. వాళ్ల కాళ్లకున్న చెప్పులు వానకు ఉబ్బకుండా ఎండకు పగలకుండా ఉన్నాయంటే, ఎక్కడో ఎవరో నాలుక పాడు చేసుకుని ఉంటారని మాత్రం వాళ్లకు తట్టదు.

మా ఫ్యాక్టరీ వెనక ఆవరణలో పదకొండు దివిదివి చెట్లు ఉన్నాయి. గాలి ఎప్పుడూ ఒకే పక్క నుంచి కొట్టడం వల్ల అన్నీ రెండో పక్కకు ఒరిగి పెరిగాయి. కాయ పచ్చిగా ఉన్నప్పుడు బల్లపరుపుగా ఉంటుంది, ఎండేకొద్దీ మెలి తిరిగి చెవిలాగా ముడుచుకుంటుంది. గింజలో ఏమీ లేదు, పసంతా పైతొక్కులోనే. గింజ తీసేసి తొక్కు దంచి నీళ్లలో నానబెడితే వచ్చే కషాయంలో పచ్చితోళ్లు వారాల తరబడి మునిగి, కుళ్లే గుణం పోగొట్టుకుని తోలవుతాయి. దివి అంటే స్వర్గం కదా, రెండుసార్లు చెప్పారంటే ఎంత గొప్పగా ఉంటుందో అనుకుంటూ నేను మొదటిరోజు పనిలోకి వెళ్లాను. గేటు దాటగానే కొట్టిన కంపుకు రెండింటిలో ఒక్క దివి కూడా మిగల్లేదు.

పెద్దమ్మ నాకంటే చాలాముందు అక్కడ కాయలు దంచే పనికి చేరింది. చేరిన వారంలోనే ఒక ఎండుకాయ ముక్కను చింతపండనుకుని నోట్లో వేసుకుంది. ఇంకెవరైనా అయితే ఉమ్మేసి, నీళ్లు నీళ్లని గోల పెట్టేవాళ్లు. ఈవిడ ఉమ్మేసి, పక్క కుప్పలోంచి ఇంకోటి తీసి వేసుకుంది. "ఇందాకటిది నాలుక్కి పట్టింది, ఇది చిగుళ్లకి పట్టింది. రెండూ ఒక చెట్టువి కావు" అందట. అప్పటి పెద్దమేస్త్రీకి నమ్మకం కలగలేదు. కళ్లకు గుడ్డ కట్టించి ఆరు తొట్ల కషాయం ఆరు గిన్నెల్లో పెట్టించాడు. ఏది ఏ తొట్టిదో ఆరూ చెప్పింది. మేస్త్రీ ఊరుకోక, గిన్నెలు కడిగిన నీళ్లు ఏడో గిన్నెలో పోసి ఇచ్చాడు. అవి కడిగిన నీళ్లని చెప్పడమే కాకుండా, సరిగా కడగలేదని కూడా చెప్పింది. ఆ రోజు నుంచి రోకలి వేరేవాళ్ల చేతికి పోయింది, పెద్దమ్మకు వగరమ్మ అనే పేరు వచ్చింది.

ఆవిడ పని చూస్తుంటే ముచ్చటేసేది. ఉంగరపు వేలు కషాయంలో ముంచి, నాలుక కొసకు ఒకసారి, రెండు పక్కలకూ రెండుసార్లు రాసుకుని, కళ్లు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టి ఉమ్మేస్తుంది. ఆ పదిలోపల ఎవరైనా దగ్గినా ఒప్పుకోదు. కళ్లు తెరిచి "చాలు" అంటే చాలు. "ఇంకో రెండు బస్తాలు" అంటే రెండే, మూడోది తెస్తే తిడుతుంది. "పులిసింది" అందంటే తొట్టి మొత్తం కాలవలోకి పోవాల్సిందే. దివిదివి కషాయానికి పులిసే జబ్బు ఉంది, ఉక్కగా ఉన్న రోజుల్లో మరీను. కంటికి ఏమీ కనపడకముందే, బుడగ లేవకముందే, ఈవిడ నాలుకకు తెలిసిపోయేది.

ఇంట్లో మాత్రం ఆ నాలుకతో వేగలేక చచ్చేవాడు మా పెదనాన్న. ఆయన బడిలో గంట కొట్టే ప్యూనుగా చేసి రిటైరయ్యాడు. పెద్దమ్మ చేతులు ఎంత కడిగినా తోళ్ల వాసన వదలదు కాబట్టి పెళ్లయిన కొత్తలోనే గరిటె ఆయన చేతికి వచ్చింది. కూర నోట్లో పెట్టుకోగానే ఈవిడ తీర్పు చెప్పేది. ఉప్పు ఒక పలుకు ఎక్కువైందనో, నూనె పాతదనో, ఉల్లిపాయ తరిగిన కత్తితోనే పండు కోశావనో ఏదో ఒకటి ఉండేది. ఆయన పళ్లు నూరుకుంటూనే తలూపేవాడు, ఎందుకంటే అన్నీ నిజాలే.

నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని. నన్ను గోడౌనులో పెట్టించింది ఆవిడే. వచ్చిన కాయ, చెక్క, ఉప్పు సంచుల మీద కుంచెతో పేర్లు రాయడం, ఏది ఎక్కడుందో చీటీలు పెట్టుకోవడం నా పని. ఆరేళ్లుగా ఒక్క సంచి కూడా తారుమారు కాలేదని గర్వంగా చెప్పుకునేదాన్ని. ఆదివారాలు ఒక పాటల బృందంలో పాడేదాన్ని. పాడటం అంతంతమాత్రమే గానీ, చేతిరాత బాగుంటుందని పాటల పుస్తకాలన్నీ నాచేతే రాయించేవాళ్లు.

ఇలా ఉండగా యజమాని కాలు జారి మంచాన పడి, ఫ్యాక్టరీ బాధ్యత అల్లుడి మీద పెట్టాడు. అందరం ఆయన్ని అల్లుడుగారు అనేవాళ్లం. మనిషి చెడ్డవాడు కాదు, కానీ చదువుకున్నాడు. తెల్లచొక్కా వేసుకుని తొట్ల గట్ల మీద నడిచేవాడు, దాన్నిబట్టే ఆయనకు తొట్ల సంగతి ఎంత తెలుసో అర్థమయ్యేది. వస్తూనే ఒక కొత్త మేస్త్రీని, ఒక గాజుగొట్టాన్ని తెచ్చాడు. గొట్టం మీద అంకెలుంటాయి. కషాయంలో వేస్తే మునిగీ మునగకుండా తేలుతుంది, నీళ్ల మట్టం దగ్గర ఏ అంకె ఉందో చూస్తే కషాయం ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది. పెద్దమ్మ దాన్ని పైకీ కిందికీ చూసింది.

"చిక్కదనం చూస్తుంది, సరే. పట్టు చూస్తుందా బాబూ?" అంది.

"అంటే ఏంటమ్మా?" అన్నాడు అల్లుడుగారు.

"బురదనీళ్లు కూడా చిక్కగానే ఉంటాయి కదా."

ఆయన నవ్వేసి గొట్టాన్ని జాగ్రత్తగా డబ్బాలో పెట్టుకున్నాడు. నాలుకతో నడిచే ఫ్యాక్టరీ అని నలుగురికీ చెప్పుకోవడానికి ఆయనకు నామోషీగా ఉందని మాకు అర్థమైంది. వగరమ్మను మాన్పిస్తే తప్ప గొట్టానికి గౌరవం రాదని కొత్తమేస్త్రీ ఒకరిద్దరి దగ్గర అన్నాడట. అది పెద్దమ్మ చెవిన పడింది. మర్నాటి నుంచి ఆవిడ ఆ పది అంకెలూ అందరికీ వినపడేలా గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

వానలు మొదలయ్యాక ఆవిడకు వారంరోజులు జ్వరం వచ్చింది. తగ్గి పనిలోకి వచ్చిన రోజు గేటు దగ్గర ఆగి, చుట్టూ చూసి, "కంపు తగ్గిందే! అల్లుడుగారు శుభ్రం బాగా చేయిస్తున్నట్టున్నాడు" అంది. నేనూ చుట్టూ చూశాను. తోళ్ల మీంచి గీకిన వెంట్రుకల చెత్త ఎప్పటిలాగే కుప్పగా పడి ఉంది, ఈగలు ఎప్పటిలాగే ముసిరి ఉన్నాయి. పెద్దమ్మ ఒకరిని మెచ్చుకోవడం అదే మొదటిసారి కాబట్టి ఆ ఆశ్చర్యంలో నేను ఇంకేమీ ఆలోచించలేదు.

రెండు వారాల తరువాత మూడో తొట్టి పెట్టారు, జ్వరం తగ్గాక ఆవిడ రుచి చూడాల్సిన మొదటి తొట్టి అదే. మందమైన తోళ్లు, అరవై. చెప్పుల అట్టలకు పోయేవి. కొత్తమేస్త్రీ కషాయం కలిపించి కబురు పెట్టాడు. పెద్దమ్మ వేలు ముంచింది, రాసుకుంది, పది లెక్కపెట్టింది. ఉమ్మలేదు. మళ్లీ ముంచింది.

"వగరు లేదు" అంది.

"చాలదా అక్కా? ఇంకో బస్తా వేయించనా?" అన్నాడు మేస్త్రీ.

"చాలకపోవడం కాదు తమ్ముడూ, లేదు. ఇందులో దివిదివి వేశావా అసలు?"

"ఏది మంచిదో చూసే వేశానక్కా" అన్నాడు మేస్త్రీ కాస్త కోపంగా.

అల్లుడుగారు వచ్చి గొట్టం వేశాడు. అంకె ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే తేలింది. ఆయన గొట్టం వైపు ఒకసారి, పెద్దమ్మ వైపు ఒకసారి చూశాడు. "జ్వరం వచ్చి తగ్గింది కదమ్మా, నోరు ఇంకా కుదుటపడి ఉండదు" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనమే ఆవిడకు గుచ్చుకుంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. తోళ్లు తొట్టిలోకి దించారు. దించే ముందు వగరమ్మ "చాలు" అనకపోవడం మా ఫ్యాక్టరీలో అదే మొదలు.

ఆ ఏడు వారాలూ పెద్దమ్మ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. తప్పు నాలుకదా, నీళ్లదా? నాలుకదైతే నీళ్లలో వగరు ఉండాలి. నీళ్లదైతే గొట్టం ఎందుకు తేలింది? గొట్టం అబద్ధం చెబుతుందని ముందే అన్నది తనే. కానీ జ్వరం వచ్చింది కూడా తనకే. నా దగ్గరికి వచ్చి ఒక గిన్నె పట్టుకుని, "ఇది చూడవే, వగరుందా?" అనేది. నేను నాలుక ఆనించి, "ఉంది పెద్దమ్మా" అనేదాన్ని. "ఎంత ఉంది?" అనేది. ఎంతంటే ఏం చెబుతాను? నాకు అరటికాయ తొక్క కూడా వగరే, మూడో తొట్టి కూడా వగరే. "బాగానే ఉంది" అంటే, "బాగానే అంటే ఎంతే మొద్దూ!" అని గిన్నె లాక్కుని పోయేది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు చిరాకు కూడా వేసింది. వగరును కొలిచి చెప్పమంటే ఎవరివల్ల అవుతుంది?

ఒక మధ్యాహ్నం వెనక ఆవరణలోకి వెళితే, చెట్టు కింద పీట వేసుకుని కూర్చుని ఆ ఏటి కాయలు ఒక్కొక్కటే నములుతూ ఉమ్ముతూ కనిపించింది. ఒళ్లో కాయలు, కాళ్ల దగ్గర పిప్పి.

"ఈ ఏడు కాయ చచ్చిపోయిందే" అంది నన్ను చూడగానే. "వట్టి పీచు. చెట్లు ముసలివైపోయాయి."

ఆడలేక మద్దెల ఓడందన్నట్టుగా ఉందని అనబోయి, ఆవిడ ముఖం చూసి మింగేశాను. చెట్టును అంటోందా, తనను అంటోందా నాకు తెలియలేదు. ఆవిడకు కూడా తెలిసినట్టు లేదు. పదకొండు చెట్ల కాయలూ వరసగా నమిలి, అన్నీ ఒకేసారి ముసలివి కావడం ఏమిటని తనలో తనే లెక్కలు వేసుకుంటూ, చివరికి మొన్నటి పెద్దవానకు వేళ్లు కుళ్లి ఉంటాయని తేల్చింది. నేను సరే అన్నాను.

ఏడు వారాలయ్యాక మూడో తొట్టిలోంచి ఒక తోలు తీసి, అంచు కోసి చూశారు. బాగా ఊరిన తోలైతే కోసినచోట ఈ మొదలు నుంచి ఆ చివరిదాకా ఒకే రంగు ఉండాలి. దీనికి పైనా కిందా గోధుమరంగు, మధ్యలో తెల్లటి గీత. అంటే లోపల ఇంకా పచ్చిచర్మమే. ఇంకోటి కోశారు, అదీ అంతే. మూడోది కోసేసరికి మధ్యలోంచి కుళ్లువాసన వచ్చింది. అరవై తోళ్లూ పోయాయి.

పెద్దమ్మ ఆ తెల్లగీతను వేలితో తడిమి చూసింది. అయ్యో అనాల్సినచోట ఆవిడ ముఖంలో వెలుగు వచ్చింది. దాచుకుందామని చూసింది గానీ దాగలేదు.

"నేను చెప్పాను కదా బాబూ" అంది.

అల్లుడుగారు తెల్లచొక్కా చేతులు మడుచుకుని కషాయంలో ఏం కలిపారో చెప్పమని మేస్త్రీని నిలబెట్టి అడిగాడు. మేస్త్రీ గోడౌనులోకి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను, నా రాజ్యం కదా. గోడ పక్కన పోయినేటి దివిదివి సంచులు నలభై రెండూ కుట్టు విప్పకుండా అలాగే ఉన్నాయి.

"ఇవి వెయ్యలేదా?" అన్నాను నేను.

"రెండో రకం కాయ అరవై మంచి తోళ్లలో ఎవరైనా వేస్తారా?" అన్నాడు మేస్త్రీ. "మూలన పడి ఉన్న పాత తుమ్మచెక్క మట్టి దులిపి వేశాను, చిక్కదనానికి పాత తొట్టి అడుగు కషాయం కలిపాను. గొట్టానికి సరిపోయింది."

"రెండో రకం అని నీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావమ్మా, ప్రతి సంచి మీదా రాసి మరీ."

సంచుల మీద నా ముత్యాల్లాంటి అక్షరాలతో 'దివి 2' అని ఉంది. నలభై రెండింటి మీదా. పాటల పుస్తకంలో పల్లవి రెండుసార్లు పాడాలంటే దాన్ని రెండుసార్లు రాయం, పక్కన 2 అని వేస్తాం. ఆ అలవాటుతో, ఒకే మాట రెండుసార్లు ఎందుకు రాయడం అని, ఆరేళ్లుగా దివిదివిని 'దివి 2' అనే రాస్తున్నాను. ఈయనకు ముందున్న మేస్త్రీ మా బృందంలోనే తబలా వాయించేవాడు, ఆయనకు ఎప్పుడూ సందేహం రాలేదు. ఈయనకు పాటలతో పని లేదు.

అల్లుడుగారికి విషయం అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక, "సంచి మీద పాట రాశావా?" అన్నాడు.

"నలభై రెండూ రెండో రకమేనని ఎలా అనుకున్నావయ్యా?" అని నేను మేస్త్రీ మీద పడ్డాను, తప్పు నాదే కాబట్టి గొంతు ఇంకాస్త పెంచి. "ఇక్కడి చెట్లకి మంచికాయ కాయదేమో అనుకున్నాను" అన్నాడు ఆయన. తిలాపాపం తలాపిడికెడు. నేను రాశాను, ఆయన చదివాడు, గొట్టం తేలింది, అల్లుడుగారు నమ్మాడు. తప్పు లేనిది ఒక్క వగరమ్మకే.

ఆ మధ్యాహ్నం అల్లుడుగారు అందరి ముందూ ఆవిడకు చేతులు జోడించాడు. గొట్టాన్ని డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేయించాడు. "ఇకమీదట మీ మాటే మాట అమ్మా" అన్నాడు. నాకు నాలుగు చీవాట్లు పడ్డాయి, వాటిలో మూడు పెద్దమ్మ పెట్టినవే, కానీ నవ్వుతూ పెట్టింది. అన్ని వారాల తరువాత ఆవిడ నవ్వడం చూసి, నా తప్పు కూడా ఒకరికి మేలు చేసిందని సంబరపడ్డాను. పోయినేటి సంచులతో కొత్త తొట్టి పెట్టాలని, పోయిన వారాలు కలిసిరావడానికి కషాయం ఎప్పటికన్నా చిక్కగా కలపాలని నిర్ణయమైంది.

మర్నాడు సెలవు. తీపి పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ స్నానం చేస్తోంది. వంటింట్లో పెదనాన్నకు జరిగిందంతా చెప్పి, "చూశావా, పెద్దమ్మ నాలుక్కి ఏమీ కాలేదు" అన్నాను. ఆయన పొయ్యి మీద ఉన్న బంగాళదుంప కూర ఒక చెంచా తీసి నా చేతిలో పెట్టాడు.

"తిను."

తిన్నాను. తిన్నాను అనకూడదు, నోట్లో పెట్టుకుని గబగబా పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేశాను. వట్టి ఉప్పు.

"ఇదే కూర పొద్దున మీ పెద్దమ్మ మారు అడిగి వేసుకుంది" అన్నాడు పెదనాన్న. "జ్వరం తగ్గినప్పట్నుంచీ నా వంటకి ఒక్క వంక పెట్టలేదమ్మాయ్. మొదట్లో నా చెయ్యి తిరిగిందనుకుని మురిసిపోయాను. తర్వాత భయమేసింది. రోజుకో చెంచా ఉప్పు పెంచుకుంటూ వస్తున్నాను, ఇవాళైనా తిడుతుందేమోనని. తిట్టదు. బాగుంది అంటుంది."

నాకు బుర్ర తిరిగిపోయింది. నాలుక పోతే, మూడో తొట్టిలో వగరు లేదని ఎలా చెప్పింది? వగరు లేని నీళ్లలో వగరు లేదని చెప్పడానికి నాలుక ఉండాలా, లేకపోయినా సరిపోతుందా? కాకి వాలడమూ తాటిపండు పడటమూ ఒకేసారి జరిగాయా?

"ఆవిడకి చెప్పావా?" అన్నాను.

"ఎలా చెప్పను? నిన్న అంత సంతోషంగా ఇంటికొచ్చింది. నువ్వు చెప్పు, నువ్వంటే ప్రాణం కదా."

ఇంతలో పెద్దమ్మ తల తుడుచుకుంటూ వచ్చి, నేను తెచ్చిన తీపి తుంచి నోట్లో వేసుకుని, "బాగుందే, ఎక్కడ కొన్నావు?" అంది. ఎప్పుడూ కొనే కొట్టే. ఆ కొట్టువాడు నెయ్యిలో కల్తీ చేస్తాడని నాకు చెప్పింది ఆవిడే. నేను ఏదో చెప్పాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. ఒకవేళ పెదనాన్నదే పొరపాటేమో, ఉప్పు తెలియకపోయినా వగరు తెలుస్తుందేమో, రెండూ వేరువేరేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి ఎన్ని 'ఏమో'లైనా దొరుకుతాయి.

నాలుగు రోజులకు కొత్త తొట్టి సిద్ధమైంది. ఈసారి సంచులు నేనే దగ్గరుండి విప్పించాను. తొక్కు దంచి పోస్తుంటే ఆ దుమ్ముకే పెదవులు బిగుసుకుపోయాయి. కషాయం దిగాక మేస్త్రీ వేలు ముంచి నాలుకకు రాసుకుని, కళ్లలో నీళ్లు పెట్టుకుని, రెండు చెంబుల మంచినీళ్లు తాగాడు. ఇంకో అరవై పచ్చితోళ్లు గట్టు మీద వరసగా వేలాడదీసి ఉన్నాయి. ఇప్పుడు ఎంత పలచన చేయాలన్నదే ప్రశ్న. చిక్కటి కషాయంలో పచ్చితోలు దించితే పైపొర ఒక్కసారిగా బిగుసుకుని, ముడతలు పడి, పగిలిపోతుంది. ఈ అరవై కూడా పోతే ఫ్యాక్టరీ కోలుకోదని అల్లుడుగారే అన్నాడు. పనివాళ్లందరూ పని ఆపి గట్టు మీదికి వచ్చారు. అల్లుడుగారు స్వయంగా గిన్నె ముంచి, రెండు చేతులతో ఆవిడకు అందించాడు.

పెద్దమ్మ కొంగు దోపుకుని, వేలు ముంచింది. నాలుక కొసకు ఒకసారి, పక్కలకు రెండుసార్లు. కళ్లు మూసుకుంది. పది లెక్కపెట్టింది. పది దాటి పదిహేను దాకా వెళ్లింది. మళ్లీ ముంచింది. మూడోసారి నాలుగువేళ్లూ ముంచి నాలుకంతా పులుముకుంది. ఎవరూ దగ్గలేదు.

కళ్లు తెరిచి నన్ను చూసింది.

"ఇవి ఆ సంచుల కాయలేనా?"

"అవును పెద్దమ్మా."

"పోయినేటివేనా? సరిగ్గా చూశావా?"

"నేనే దగ్గరుండి పోయించాను."

ఆవిడ చుట్టూ ఉన్న ముఖాలను చూసింది. మేస్త్రీ ఇంకా పెదవులు తడుపుకుంటూనే ఉన్నాడు. దాన్ని చూసింది. నాకు అప్పుడే తెలిసిపోయింది, ఆవిడకు తెలిసిపోయిందని. "ఇంకో నాలుగు కడవల నీళ్లు" అని నోటికొచ్చినట్టు చెప్పినా ఎవరూ కాదనేవాళ్లు కాదు. చెప్పెయ్, పెద్దమ్మా, ఏదో ఒకటి చెప్పెయ్ అని నేను లోపల మొక్కుకున్నాను. సిగ్గులేకుండా మొక్కుకున్నాను.

"నాకు తెలియట్లేదు బాబూ" అంది ఆవిడ.

ఎవరికీ అర్థం కాలేదు. అల్లుడుగారు మాత్రం తనకు అర్థమైందనుకుని తల వంచుకున్నాడు. "మిమ్మల్ని అనుమానించడం నాదే తప్పమ్మా. అందరి ముందూ ఒప్పుకున్నాను కదా, ఇంకా కోపమేనా?" అన్నాడు.

"కోపం కాదు బాబూ. తెలియట్లేదు."

"అక్క అలిగింది" అన్నాడు మేస్త్రీ. "అక్కా, ఆ రోజు నేను కాస్త దురుసుగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకు. చెప్పక్కా." వెనక నుంచి పనివాళ్లు కూడా అందుకున్నారు. చెప్పు వగరమ్మా, పాపం అల్లుడుగారు అంతగా అడుగుతుంటే, పెద్దదానివి, పట్టించుకోకమ్మా. ఎవరి మాట వారిదే. ఉన్నమాట చెప్పిన మనిషిని బుజ్జగించడం మొదలుపెట్టారు. పెద్దమ్మ "కాదర్రా, కాదు" అంటూనే ఉంది. ముప్పై ఐదేళ్లలో ఆవిడ మాట నమ్మనిది ఒక్కసారే, అప్పుడు నమ్మనందుకు ఏమైందో అందరూ కళ్లారా చూశారు. అందుకని ఇప్పుడు ఆవిడను నమ్ముతున్నామనే అనుకుంటూ నమ్మడం మానేశారు.

చివరికి ఆవిడ గిన్నె ఎత్తి నోటికి ఆనించుకుంది.

ఎవరో కేక పెట్టారు. ఆపడానికి నేను రెండడుగులు వేశాను గానీ గట్టు తడిగా ఉంది. ఒక్క చుక్కకు మేస్త్రీ కళ్లలో నీళ్లు తెప్పించిన కషాయాన్ని పెద్దమ్మ గుటకలు వేస్తూ తాగింది. కనుబొమ ముడి పడలేదు, పెదవి వంకర పోలేదు. చూస్తున్నవాళ్లందరి మూతులూ వాటంతటవే ముడుచుకుపోయాయి, అల్లుడుగారిది కూడా. గిన్నె ఖాళీ అయ్యాక కొంగుతో మూతి తుడుచుకుంది.

"నీళ్లు బాబూ" అంది. "జ్వరం తగ్గినప్పట్నుంచీ నాకు అన్నీ నీళ్లే."

పనివాళ్లు ఒకరి వెనక ఒకరు గట్టు దిగిపోయారు. మేస్త్రీ ఆవిడ చేతిలోంచి గిన్నె తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. నేను ఏడుస్తున్నాను. ముందే చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు కదా అని ఏడుస్తున్నాను, చెప్పడానికి ధైర్యం చాలనందుకు ఏడుస్తున్నాను.

పెద్దమ్మ నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎప్పటిలాగే తోళ్ల కంపు కొడుతోంది.

"ఏడవకే" అంది. "అదంతా తర్వాత. ముందు ఇది చెప్పు. రేపు పొద్దున లేచి నేను ఎక్కడికి వెళ్లాలి?"